ప్రిన్సిపాల్ మేడం వయసు ఎక్స్ అనుకుందాం

ఒక పెద్దావిడ వయసు పన్నెండేళ్ళు తగ్గించబోయి ఇరవై ఆరేళ్ళు పెంచిన ఘనత నాది. పైగా ఆవిడ నాకు ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషి. ఎలా జరిగిందో వినండి.

బీఈడీ అయిన రెండేళ్ళకు మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడి నుంచి డెమో క్లాసుకు పిలుపొచ్చింది. పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే తీసుకుంటారు. నేనింకా సూర్యాపేటలో బస్సెక్కనేలేదు, మా అమ్మ గల్లీ అంతా తిరిగి "మా బిడ్డకు నౌకరైంది" అని మిఠాయి పంచేసింది. ఇక ఉత్త చేతులతో ఇంటికి పోయే ముఖం నాకు లేదు.

ఎనిమిదో తరగతి. చివరి బెంచీలో ప్రిన్సిపాల్ మేడం. యాభై దాటి ఉంటాయి. నలభై అని లెక్కతోనే తేలిస్తే పొంగిపోరా అనిపించింది. అప్పట్లో నా తెలివి అలా ఉండేది.

"మేడం వయసు ఎక్స్ అనుకుందాం. రెట్టింపు చేసి ఇరవై కలిపితే వంద!"

బోర్డు మీద 2x + 20 = 100 రాశాను. కంగారులో ఇరవైని ఉన్నదున్నట్టే అవతలికి తోశాను. 2x = 120. x = 60.

మేడం కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఆగండాగండి! ఈక్వల్స్ దాటితే గుర్తు మారాలి. కోదాడ దాటి ఆంధ్రలో అడుగుపెడితే మాట మారినట్టు!" అన్నాను పిల్లలతో.

ఈ పోలిక నాకు మహా నచ్చింది. ఆ ఊపులో 2x = 80 అని దిద్ది, పక్కనున్న రెండును కూడా దాటించి మైనస్ తగిలించాను. x = 80 − 2 = 78.

"టీచర్, మేడంకు ఇంక వయసెక్కువైతున్నది," అన్నది ముందు బెంచీ పిల్ల.

సిగ్గుతో చచ్చాను. మేడం లేచి వచ్చారు.

"చాక్‌పీస్ ఇటియ్యమ్మా. నన్నింకా ఎక్కడిదాకా తీసుకపోతవో ఏమో. మాది కోదాడే. దాటినంత మాత్రాన ఏదీ మారదు. తరాజు అనుకో. రెండు వైపులా ఇరవై తీసెయ్, ఎనభై ఉంటది. రెండు వైపులా సగం చెయ్, నలభై. మళ్ళీ పెట్టి చూసుకో: ఎనభై, ఇరవై, వంద. సరిపోయిందా?"

"సరిపోయింది మేడం."

"నాకు యాభై రెండు. నలభై అనుకున్నవ్ చూడు, ఆ మంచి మనసుకు నౌకరి ఇస్తున్న."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎనిమిదో తరగతికేనా మేడం?"

"డెబ్బై ఎనిమిది చేసినవు గదా, అందుకని ఎల్‌కేజీకి. అక్కడ ఎక్స్ రాయిస్తే చాలు. విలువ కనుక్కోవద్దు."

అందుచేత పాఠకులారా, చాక్‌పీస్ మీద ఒట్టేసి చెబుతున్నాను. బతికున్న మనిషి వయసును ఇక ఎన్నటికీ ఎక్స్ అనుకోను. అవసరమైతే మామిడికాయలు అనుకుంటాను. డెబ్బై ఎనిమిది వచ్చినా అవి ఏమీ అనుకోవు.