మరక పడని మేజోడు

హెడ్లీ కర్నో తగరపు గనిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. గని మూసేశాక, అంతకాలం రాళ్ళతో పడిన పోట్లాట భూమి మీదున్న మాతో మొదలుపెట్టాడు. ప్రార్థన మందిరంలో పాట సాగదీశారని ఒక గొడవ, బస్సు మూడు నిమిషాలు ముందొచ్చిందని ఇంకో గొడవ. మెర్విన్ ఆంగ్విన్ బేకరీ కౌంటరు వెనక పంతొమ్మిదేళ్ళుగా నిలబడుతున్నదాన్ని కాబట్టి అందులో నా వాటా నాకు లోటు లేకుండా అందింది. ఆయన మంచివాడని చెప్పడానికి ఇది రాస్తున్నానని మాత్రం అనుకోకండి. ఆయన మహా మొండివాడు. దానికి తోడు పెళ్ళాం కూడా అలాంటిదే దొరికింది.

మా కార్న్‌వాల్‌లో పాస్టీ అంటే ఊరికే తినేసే వస్తువు కాదు. మాంసం, దుంపలు కూరి, అంచు మడిచి, ఎడమ కొసన తినబోయేవాళ్ళ పేరులో మొదటి అక్షరం పిండితో అతికిస్తాం. రెండో కొసనుంచి తినుకుంటూ వస్తారు, అక్షరం ఆఖరికి మిగులుతుంది. సగం తిని పక్కన పెట్టినా ఎవరిదో తెలుస్తుంది. హెడ్లీ రోజూ తన భార్య థిర్జా కోసం ‘టి’ అక్షరం పాస్టీ చెప్పేవాడు. నాకు యాభై రెండేళ్ళొచ్చినా ఆయన నన్ను “పిల్లా” అనే పిలిచేవాడు. నా పేరు ఆయనకు తెలుసో లేదో అని నాకు అనుమానం.

రెండువేల పన్నెండు అక్టోబరులో లండన్ దొరల కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పొయ్యిలోంచి వచ్చి తనంతట తాను చల్లారిపోతున్న పాస్టీకి పన్ను లేదు. వేడిపెట్టెలో ఉంచినా, మళ్ళీ వేడి చేసినా, వేడి పోని సంచిలో పెట్టిచ్చినా, వేడివేడిగా ఉన్నాయని బోర్డు కట్టినా ధరమీద ఐదో వంతు పన్ను. చల్లారనిస్తే పుణ్యం, చల్లారకుండా చూస్తే జరిమానా అన్నమాట.

మా మెర్విన్ తాడును చూసి పామనుకునే రకం. ఆ రోజే వేడిపెట్టె తీగ పీకేశాడు. కౌంటరులో ‘వేడి’ అన్న మాట నా నోట రాకూడదని ఆంక్ష పెట్టాడు. ఎవరైనా అడిగితే “ఇందాకే వచ్చాయి” అనాలట. ఇక చూడండి నా బతుకు. బస్సు డ్రైవరు ఒకాయన పాస్టీని బుగ్గకు ఆనించుకుని, “ఏమ్మా, దీన్ని తినమంటావా, దీంతో పసిపిల్లకి నీళ్ళు పొయ్యమంటావా?” అన్నాడు. పోస్టాఫీసు ఆవిడ ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని పాస్టీ మీద పెట్టి వెళ్ళిపోయింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

అందరికీ అది చిరాకు. హెడ్లీకి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. థిర్జా సెప్టెంబరులో మెట్లమీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. కొండమీది ఆసుపత్రిలో ఉంది. ఎముక అతుక్కుంటోంది గానీ మనిషి నలభై కిలోలకు దిగిపోయింది. నలభై నాలుగుకు వస్తే ఇంటికి పంపిస్తామని, లేకపోతే దూరంగా ఉన్న వృద్ధుల ఆశ్రమానికి మార్చాల్సి వస్తుందని డాక్టరు తేల్చి చెప్పాడు. ప్రతి బుధవారం తూకం. ఆసుపత్రి సూప్ చూసి ఆవిడ, “దీన్ని మా ఊళ్ళో పందులకి పోసే కుడితి అంటారు” అని పక్కకు నెట్టేసింది. పాస్టీ అయితే తింటుంది, అది కూడా నాలిక కాలేంత వేడిగా ఉంటేనే.

మా పొయ్యిలోంచి పాస్టీలు వచ్చేది పదకొండు నలభైకి. కొండమీదికి బస్సు పన్నెండున్నరకు. ఇదివరకు వేడిపెట్టె ఆ మధ్య సమయాన్ని కాచేది. ఇప్పుడు హెడ్లీ వార్డుకు చేరేసరికి పాస్టీ గోరువెచ్చగా మిగులుతోంది. మర్నాడు ఆయన కాగితంలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టేవాడు. ‘టి’ చెక్కుచెదరకుండా ఉండేది, రెండో కొసన రెండు పంటిగాట్లు.

“చూసుకో పిల్లా, మీరు చేసిన నిర్వాకం.”

“పెద్దాయనా, మళ్ళీ వేడి చేసి మందం సంచిలో పెట్టిస్తాను. పన్ను కట్టు, గొడవొదిలిపోద్ది.”

“వేడికి పన్నా? గని అడుగున ముప్పై ఏళ్ళు వేడి ఊరికే ఇచ్చారు నాకు. చొక్కా పిండితే చెంబుడు చెమటొచ్చేది. అప్పుడెవడూ పన్నడగలేదే?”

“మరి థిర్జమ్మ తినొద్దూ?”

“దానికీ చెప్పాను. పన్ను కట్టిన పాస్టీ తెస్తే నా నెత్తినేసి కొడతానంది.”

గంతకు తగ్గ బొంత. ఇద్దర్నీ గదిలో పెట్టి తాళం వేయాలనిపించింది నాకు.

రెండు రోజులకు ఆయన క్యూ అంతా చూస్తుండగా కోటు జేబులోంచి ఒక పెద్ద ఉన్ని మేజోడు తీశాడు. లేత పసుపు రంగుది. రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవడానికి థిర్జా అల్లుకున్నది.

“ఇది మీ షాపు సంచి కాదు, నా పెళ్ళాం మేజోడు. దీనికెవడు పన్నేస్తాడో రమ్మను,” అని పాస్టీని కాగితంతో సహా అందులో దూర్చి, చొక్కాలోపల పొట్టకు ఆనించుకుని వెళ్ళాడు. క్యూలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. వారం పాటు అదే వేషం. కానీ యాభై నిమిషాల నిరీక్షణ ముందు, ఆ పైన కొండగాలి ముందు మేజోడు ఏపాటి? బుధవారం తూకంలో థిర్జా ఇంకో అరకిలో తగ్గింది.

మర్నాడు పన్నెండు దాటాక హెడ్లీ వచ్చాడు. షాపులో ఎవరూ లేరు. కౌంటరు మీద మిగిలిన పాస్టీ పెట్టలేదు, తిట్టలేదు.

“లోర్నా,” అన్నాడు.

నా పేరు వినగానే భయమేసింది నాకు.

“వేడి చెయ్యి. పన్నేసుకో. దానికి మాత్రం తెలియనివ్వకు.”

అక్కడ నోరు మూసుకోవాల్సింది. నా నోరు ఆగి చావదు కదా. “ఏం పెద్దాయనా, చివరికి లండనోళ్ళే గెలిచారా?” అన్నాను.

ఆయన కోప్పడలేదు. “నిన్న దాని ముంజేతిని పట్టుకున్నాను. నా వేళ్ళు చుట్టూ తిరిగొచ్చి కలిసిపోయాయి,” అన్నాడు.

అలా ఎత్తిపొడిచినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. పాస్టీని పొయ్యిలో పెట్టి, పొగలు కక్కేదాకా ఉంచి, మందం సంచిలో వేసి ఇచ్చాను. ఆయన చెప్పిన పథకం ఇది. వార్డు బయట సంచి తీసి చెత్తబుట్టలో పారేస్తాడు. ఒక చేత్తో పాస్టీ, ఇంకో చేత్తో మేజోడు ఊపుకుంటూ లోపలికి వెళ్తాడు. మెర్విన్ పాస్టీలు ఆలస్యంగా కాలుస్తున్నాడని, మేజోడులో పెట్టి పరిగెత్తుకొచ్చానని ఆవిడతో చెప్తాడు.

ఆ తర్వాత కాగితంలో చుట్టి తెచ్చేది తగ్గుతూ వచ్చింది. మొదట సగం, తర్వాత పావు. నవంబరు చివరికి కాగితంలో ‘టి’ ఒక్కటే ఉండేది. డిసెంబరు మొదటి బుధవారం థిర్జా నలభై నాలుగు కిలోల నూరు గ్రాములు తూగింది. హెడ్లీ ఆ రోజు షాపులో మెర్విన్ పాస్టీలు ఉప్పగా ఉన్నాయని గొడవ చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చిన వారానికి థిర్జా చేతికర్రతో మెల్లగా షాపులోకి వచ్చింది. హెడ్లీ బయట బెంచీ మీద కూర్చుని ఎవరితోనో బస్సుల గురించి వాదిస్తున్నాడు. ఆవిడ చేతిసంచిలోంచి పసుపు మేజోడు తీసి కౌంటరు మీద పరిచింది.

“ఇది ఉతకడానికి తీశాను అమ్మాయ్. నెలరోజులు పాస్టీలు మోసిందట. ఎక్కడన్నా మరకుందేమో నువ్వు చూసి చెప్పు.”

పాస్టీ కాగితం మా ఊళ్ళో నూనె ఆపిన పాపాన పోలేదు. మొదటి వారం నాటి మసక మరక ఒకటుంది, మిగతా ఉన్ని అంతా శుభ్రంగా ఉంది.

“నేను… ఆయన…” అని నసిగాను.

“నాకు మొదటిరోజే తెలుసులే. చొక్కాలో పెట్టుకొచ్చిన పాస్టీకి నాలిక అట్లా కాలదు. తెలిసే తిన్నాను. ఇంటికి రావాలనుంది నాకు. ఆయన ఒక్కడూ ఇంట్లో ఎవరితో పోట్లాడతాడు చెప్పు?”

తర్వాత డబ్బులు తీసి పెట్టింది. “రెండు కట్టు, బాగా వేడిచేసి. పన్నేసుకో. సంచి వద్దు. ఆయనకి మాత్రం తెలియనివ్వకు.”

వేడిచేసి ఇచ్చాను. ఆవిడ వాటిలో ఒకదాన్ని మేజోడులో దూర్చింది. కిటికీలోంచి బయటికి ఒకసారి చూసి, నూనె ఉన్నిలోకి దిగేదాకా అరచేత్తో గట్టిగా అదిమి రుద్దింది. మరక బాగా పడిందని చూసుకున్నాక మేజోడును కోటులోపల పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.