పరాయి మైదానంలో నాలుగు గోల్స్

జనార్ధనరావు ఎన్నడూ బంతి తన్నలేదు. రేపల్లెలో పుట్టాడు. సముద్రం దాటి వచ్చి రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ల దగ్గర ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఈనాటికీ పక్కవాణ్ణి అడగవలసిందే. ఆ పక్కవాడు ఈశ్వరరావు.

ఇద్దరిదీ బుకిట్ పంజాంగ్‌లో ఒకే బ్లాకు. ఇతనిది నాలుగో అంతస్తు, ఈశ్వరరావుది పదకొండు. ఈశ్వరరావు కొడుకు మహీధర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో చేరిన ఏడు, ఆట చూడడానికి తోడు రమ్మంటే జనార్ధనరావు వెళ్ళాడు. మహీధర్ రెండేళ్లు ఆడాడు, చదువు ముగించాడు, ఉద్యోగంలో చేరి బంతిని మరిచిపోయాడు. తండ్రీ, తండ్రి స్నేహితుడూ మాత్రం మానలేదు. ఆటగాళ్ళు మారిపోయేవారు. పేర్లు నోటికి వచ్చేలోగా వెళ్ళిపోయేవారు. మిగిలేది చొక్కా రంగు. పదకొండేళ్లు వీళ్ళిద్దరూ ఒక ఆకుపచ్చ రంగును చూడడానికి వెళ్ళారు.

ఈ ఊళ్ళో పరాయి మైదానమంటే మహా అయితే గంట ప్రయాణం. అయినా అక్కడికి వెళ్తే జట్టు ఓడిపోయేది. పదకొండేళ్లలో మూడుసార్లు గెలిచింది. మూడుసార్లూ ఒక్క గోలు తేడాతోనే.

ముందు వచ్చినవాడు రెండోవాడికి సీటు చోప్ చేయాలి, అంటే పట్టి ఉంచాలి. ఇక్కడ తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి అన్నం తెచ్చుకోవడానికి వెళ్తారు. తిరిగి వచ్చేదాకా అక్కడ ఎవరూ కూర్చోరు. వీళ్ళిద్దరూ అదే పని మైదానం మెట్ల మీద చేశారు.

మార్చిలో ఈశ్వరరావుకు డయాలసిస్ మొదలైంది. చక్కెర జబ్బు కళ్ళను కూడా తీసుకుంది. ఫోనులో అక్షరాలు కనిపించవు. అప్పటినుంచి జనార్ధనరావు ఒక్కడే వెళ్తున్నాడు. పక్క చోటులో ప్యాకెట్ పెడతాడు. ఆట అయ్యాక దాన్ని జేబులో వేసుకుని తిన్నగా పదకొండో అంతస్తుకు వెళ్ళి, స్నేహితుడి చేతిలో పెట్టి, ఆట చెబుతాడు.

మొదటిసారి చెప్పింది ఆస్పత్రిలో. ఆ రోజు జట్టు మూడు గోల్స్ తేడాతో ఓడింది. ఈశ్వరరావు మెడలో గొట్టం ఉంది.

"ఎంతరా?" అన్నాడు.

"ఒకటి, సున్నా. మనమే."

"ఎప్పుడు కొట్టారు?"

"ఎనభై తొమ్మిదో నిమిషం."

ఈశ్వరరావు కళ్ళు మూసుకుని నవ్వాడు. జనార్ధనరావు ఆ నవ్వును ఇంటికి తీసుకువెళ్ళాడు. ఆ తర్వాత మరో నాలుగు ఓటములను గెలిపించాడు. చెప్పేకొద్దీ చెప్పడం బాగా వచ్చింది. ఒకసారి వాన కురిపించాడు. ఒకసారి మన గోల్‌కీపర్ వేలు విరగ్గొట్టి, అదే చేత్తో బంతిని ఆపించాడు.

ఈ శనివారం ఆట ఊరికి తూర్పు కొసన. సాయంత్రపు ఎండ. ఆరో నిమిషంలో మనవాళ్ళు మొదటి గోలు కొట్టారు. విరామానికి మూడు అయ్యాయి. అరవయ్యో నిమిషంలో నాలుగు. అవతలి కాలేజీ తల్లిదండ్రులు నీళ్ళ సీసాలు సర్దుకున్నారు. మన పిల్లలు బంతిని తొందర లేకుండా ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. ఇలా ఆడగలరని అతనికి తెలియదు.

సంతోషం రావాల్సినంత రాలేదు. పక్కన ప్యాకెట్ ఉంది. నిజం ఇన్నాళ్ళకు వచ్చింది. కానీ అది వచ్చే దారిలో తను ముందే ఐదు అబద్ధాలు నిలబెట్టాడు. దీన్ని ఇప్పుడు ఏ మాటలతో చెప్పాలి? ఎనభయ్యో నిమిషంలో లేచాడు.

తలుపు తీసింది ఈశ్వరరావు కూతురు నందిత. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అంకుల్, నాన్నకి తెలిసిపోయింది. మండే నాతో టీమ్ పేజీ ఓపెన్ చేయించి స్కోర్లన్నీ చదివించుకున్నారు. ఆల్ లాస్, అంకుల్."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. అదే స్కేరీ. ఇవాళ్టిది చూడొద్దని ప్రామిస్ చేయించుకున్నారు. జనార్ధనమే చెప్పాలి అన్నారు."

"ఇవాళ గెలిచాం తల్లీ."

నందిత తల అడ్డంగా ఊపింది.

"అంకుల్, ఇవాళ వద్దు. ప్లీజ్."

లోపల ఈశ్వరరావు కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఎడమ చేయి దిండు మీద ఉంది.

"ఎంత?"

"నాలుగు, సున్నా."

"ఎవరు?"

"మనం."

కింద పేటలో తిరిగే చిన్న రైలు వెళ్ళిన చప్పుడు వినిపించింది.

"నాలుగూ ఎనభై తొమ్మిదో నిమిషంలోనే కొట్టారా?"

జనార్ధనరావు కుర్చీ లాక్కోలేదు.

"ముందు చెప్పినవన్నీ అబద్ధాలేరా ఈశ్వరం."

"తెలుసు. ఇది చెప్పు."

"చెప్పడానికేం లేదు. ఆరో నిమిషంలో పొడుగు కుర్రాడు తలతో కొట్టాడు. రెండోది వాళ్ళవాడికే తగిలి లోపలికి పోయింది. మూడోది నేను సరిగ్గా చూడలేదు. ఎండ కళ్ళలో పడింది. నాలుగోది మామూలుగానే కొట్టారు."

"వాన?"

"లేదు."

"గోల్‌కీపర్?"

"ఊరికే నిలబడ్డాడు. పాపం, వాడి దగ్గరికి బంతే రాలేదు."

"చివర్లో ఏమైంది?"

"తెలీదు."

"తెలీదేంట్రా?"

"ఎనభయ్యో నిమిషంలో లేచి వచ్చేశా. ఇంకేం జరిగేట్టు లేదు. నేను లేచేసరికి నాలుగు, సున్నా."

ఈశ్వరరావు తల ఇటు తిప్పాడు. కళ్ళు జనార్ధనరావు ఉన్న చోటికి కొంచెం పక్కగా ఆగాయి.

"పదకొండేళ్లలో ఎప్పుడైనా ముందు లేచామట్రా మనం?"

"లేదు."

"వర్షంలో ఐదు గోల్స్ తిన్నప్పుడు కూడా లేవలేదు."

"లేదు."

"ఇంత చప్పగా కూడా ఎప్పుడూ చెప్పలేదు నువ్వు."

గుమ్మంలో నందిత ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. అందులో స్కోరు చూడలేదు. ఆమె వైపు తిరగకుండానే ఈశ్వరరావు అన్నాడు, "అక్కర్లేదమ్మా. గెలిచారు."

తర్వాత అలవాటుగా కుడి చేయి చాచాడు. జనార్ధనరావు జేబులో చేయి పెట్టాడు. ఖాళీగా ఉంది.

"ప్యాకెట్ అక్కడే మరిచిపోయానురా. సీటు మీద."

"తీయలేదా?"

"తీయలేదు."

"సరే, ఉండనీ." చాచిన చేత్తో పక్కనున్న కుర్చీని తడిమి స్నేహితుడి వైపు జరిపాడు. "కూర్చో. మళ్ళీ మొదటినుంచి చెప్పు. ఏమీ కలపకు."

జనార్ధనరావు కూర్చున్నాడు. ఆరో నిమిషం దగ్గర మొదలుపెట్టాడు.