వాలు లేని పైపు

పోయిన నెల ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్తుండగా మా అల్లుడి కారు వెనక నీలం పొగ రావడం మొదలైంది. పాల్వంచ చేరకముందే రోడ్డు పక్కన కనిపించిన షెడ్డులో ఆపాం. అక్కడి మెకానిక్ కారును పైకి లేపి లైటు పట్టుకుని చూస్తుంటే, వద్దనుకుంటూనే నేనూ వంగి చూశాను. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే రిటర్న్ పైపును ఎవరో మార్చి రబ్బరుది వేశారు. అది మధ్యలో పొట్టలా జారి మళ్లీ పైకెక్కి ఉంది. ఆ పైపు మార్చమని ఒక్క మాట చెప్పి బయటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. అల్లుడు నా మొహం చూసి బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగాడు. వేసుకున్నానన్నాను. అంతకంటే అతనికి ఏం చెప్పగలను?

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పాల్వంచ నుంచి అడవి ఊళ్లకు బస్సు రోజుకు ఒకటో రెండో తిరిగే కాలం అది. తక్కిన ప్రయాణమంతా జీపుల్లోనే, లోపల పన్నెండు మంది, వెనక వేలాడుతూ నలుగురు, పైన చింతపండు బస్తాలు. ఆ జీపులు ఎక్కడ మొరాయించినా చివరికి చేరేది పాల్వంచలో మా బావ షెడ్డుకే. బావ అంటే మా అక్క పెనిమిటి. ఆయన చదివింది నాలుగో తరగతి. బండి వస్తే ముందు బానెట్ తెరవడు; డ్రైవరుకు చాయ్ తెప్పించి, బండి ఎక్కడ ఎట్లా మారాం చేసిందో మొత్తం చెప్పించుకుని గాని పానా పట్టడు. ఇంజన్ వెనక, కంటికి కనబడని మూలన ఉన్న నట్టును వేళ్లతో తడిమి మర ఎక్కించగలడు. బొటనవేలంత లావు వేళ్లు, అయినా వాటికి కళ్లున్నాయా అనిపించేది.

నేను హైదరాబాదులో ఒక పెద్ద వర్క్‌షాపులో నాలుగేళ్లు పనిచేసి, టర్బో పని నేర్చుకుని తిరిగివచ్చాను. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. బావ తనంతట తానే షెడ్డులో సగం నాకిచ్చాడు, కొత్త బండ్లు నువ్వు చూసుకో అన్నాడు. అప్పుడే ఏన్కూరు నుంచి, బావకు బాబాయి వరసయ్యే రైతు ఒకాయన తన జీపు తెచ్చాడు. బరువుతో గుట్ట చడావు ఎక్కలేకపోతోంది, సూపర్ చార్జరో ఏదో వేస్తే బలం వస్తుందట కదా అని ఆయన కోరిక. విజయవాడలో వాడిన టర్బో ఒకటి సంపాదించి నేనే బిగించాను.

ఆ పనిలో కష్టమంతా ఆయిల్ పైపుల దగ్గరే ఉంటుంది. టర్బోకు ఆయిల్ వెళ్లేది ఇంజన్ నెట్టే ఒత్తిడితో, సన్నని పైపులోంచి. బేరింగును తడిపి బయటికి వచ్చేసరికి ఆ ఒత్తిడి ఉండదు. నురగలా మారి తన బరువుతో తానే కిందికి జారాలి. అందుకే రిటర్న్ పైపు లావుగా, మొదటి నుంచి చివరి దాకా వాలుగా ఉండాలి, ఇంజన్ అడుగున చాంబర్‌లో నిలిచే ఆయిల్ మట్టానికి పైన కలవాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కానీ టర్బో కింద ఇంజన్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ అడ్డొచ్చింది. దాన్ని కోసి మార్చి, చాంబర్ దించి రంధ్రం చేసి, పైపు అతికించాలంటే సగం రోజు పని. మర్నాడు పొద్దున బాబాయికి పెళ్లివాళ్ల కిరాయి ఉంది. నేను రబ్బరు పైపును బ్రాకెట్ కింది నుంచి చుట్టి తెచ్చి కలిపేశాను.

బావ బండి కింద దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "దీనికి వాలు లేదు. ఆయిల్ నిలుస్తది. బ్రాకెట్ కోసి నేరుగ దింపు, నేను గూడ చెయ్యి పడత" అన్నాడు.

అక్కడ దారిన పోతూ ఆగిన పరాయి ఊరి డ్రైవర్లు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నేను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "పాత ఇంజన్ల సంగతి నువ్వు చూస్కో బావా. గిది నీకు తెల్వది."

ఆయన పానా తీసుకుని పక్క బండి దగ్గరికి వెళ్లాడు.

మూడు వారాలకు బాబాయి జీపు నీలం పొగ కక్కుకుంటూ తిరిగివచ్చింది. ముందు పైపు మార్చమన్నాడు బావ. కాదు, టర్బో సీలు పోయిందన్నాను నేను. చూద్దామని గాలి లోపలికి వెళ్లే గొట్టం ఊడదీస్తే లోపలి చక్రం ఆయిల్‌తో తడిసి మెరుస్తోంది. అక్కడితో ఆగవలసింది. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని స్టార్ట్ చేసి రేస్ ఇచ్చాను. కాలు తీసేసినా ఇంజన్ వేగం తగ్గలేదు, పెరిగింది. డీజిల్ ఆపే నాబ్ లాగాను, ఆగలేదు. దిగలేక నిలిచిపోయిన ఆయిల్ సీలు దాటి గాలితో పాటు ఇంజన్‌లోకి పోతోంది, ఇంజన్ దాన్నే తాగి పరిగెత్తుతోంది. షెడ్డంతా పొగ. రేకులు అదురుతున్నాయి. బ్రేకు తొక్కి, టాప్ గేరు వేసి క్లచ్ వదిలితే అది అక్కడే చచ్చి ఆగిపోయేది. నాకు తెలుసు. నేను సీట్లోనే ఉన్నాను. అయినా దూకి బయటికి పరిగెత్తాను.

బావ లోపలికి వెళ్లాడు. గోనెపట్ట మడిచి ఆ గొట్టం మూతికి అరచేత్తో అదిమిపట్టాడు. గాలి అందక ఇంజన్ ఆగింది గాని, ఆగేలోపు పట్టను లోపలికి లాగేసింది. దానితో పాటు ఆయన చేతిని కూడా.

కుడిచేతి రెండు వేళ్లు పోయాయి, మూడోది మడత పడదు. ఖమ్మం దవాఖానా వరండాలో బాబాయి కోపంగా, మీ ఇద్దరిలో ఆ పైపు వేసిందెవరు అని అడిగాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. బావ కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ, "నేనే ఏసిన. జెర తొందరపడ్డ" అన్నాడు. నా వైపు చూడలేదు. ఎందుకన్నాడో నేను ఎన్నడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అప్పుడు నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నర్సు వచ్చి అందరినీ పొమ్మనేదాకా నిలబడి, అందరితో పాటు బయటికి నడిచాను.

తర్వాత ఆ జీపును నేనే బాగుచేశాను. బ్రాకెట్ కోశాను, చాంబర్‌కు మట్టం పైన రంధ్రం చేసి, జానెడు ఇనుప పైపు నిటారుగా దింపాను. సరిగ్గా సగం రోజు పట్టింది. ఆ బండి మళ్లీ పొగ వదల్లేదు. మీ బావ చెడగొట్టింది నువ్వు చక్కబెట్టినవని బాబాయి నలుగురిలో మెచ్చుకున్నాడు. తల వంచుకుని నిలబడ్డాను, వాళ్లు దాన్ని వినయమనుకున్నారు.

పనిలో తొందర మనిషి అన్న పేరు బావకు అంటుకుంది. బండ్లు నా దగ్గరికి రావడం మొదలైంది. ఏడాది తిరక్కుండా నేను కొత్తగూడెంలో సొంత షెడ్డు పెట్టాను, ఆయన ఒక రైసు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఎప్పుడైనా నేను అటు పోతే లేచి గేటు తీసేవాడు, ఎడమచేత్తో.

రెండేళ్ల కింద ఎండాకాలంలో ఆయన పోయాడు. పెద్దకర్మ అయి చుట్టాలంతా వెళ్లాక, చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న అక్క ముందు కూలబడి మొత్తం చెప్పాను. చెబితే గుండె తేలికవుతుందని విన్నాను. అక్క చెయ్యి ఆగలేదు. తల ఎత్తకుండానే అంది: "ఏండ్లకేండ్లు ఆయన ఎడమచేత్తో తిన్నడు. దానికి ఏడ్శిన, అయిపోయింది. పని రాని మేస్త్రి అని అందరు అంటే, ఇంట్ల నేను గూడ అన్న. నా నోటితోనే అన్న. ఇప్పుడు నేను ఎవరి కాళ్లు పట్టుకోవాలె?"

ఇప్పుడు రిటర్న్ పైపులు కంపెనీలోనే వంచి, కొలిచి వస్తున్నాయి. బిగించేవాడికి ఆలోచించే అవసరం లేదు, అందుకని తప్పుచేసే వీలూ తగ్గింది. అడవి ఊళ్లకు తారు రోడ్లు పడ్డాయి, ఆ జీపులు ఎటుపోయాయో తెలియదు. బావ షెడ్డు జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. చేతిని బట్టి మనిషికి పేరుండే రోజులు పోయాయని మనవాళ్లు బాధపడుతుంటే వింటుంటాను, నాకు ఆ మాట అనే హక్కు లేదు. ఇవన్నీ మారినా తట్టుకున్నాను. అక్క మాత్రం, నన్ను చంకనేసుకుని పెంచిన అక్క, పుట్టినప్పటి నుంచి ఒరేయ్ అని తప్ప పిలవని అక్క, ఇప్పుడు నేను గుమ్మంలో కనబడితే లేచి కుర్చీ జరిపి, రాండ్రి, కూసోండ్రి అంటుంది.