ఒట్టి చేతులతో పోతమా?

నెట్‌లో మా మిద్దెతోట ఫోరమ్‌ని చూసుకునే అక్క ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మనిషిని చూడకముందే ఆమె చేత మాట పడ్డాను.

ఎల్బీ నగర్‌లో మా మిద్దె మీద సొరపిందెలు నిలవకుండా రాలిపోతుండేవి. ఏళ్ల కిందట ఎవరో ఇదే బాధ చెప్పుకున్న చర్చ ఫోరమ్‌లో దొరికింది. దాని కింద "నాదీ ఇదే సమస్యండి" అని రాశాను. సద్దుమణిగిన చర్చ మళ్లీ ఫోరమ్‌లో అన్నిటికన్నా పైకి వచ్చింది. జవాబు దొరికిందనుకుని అందరూ తెరిచి చూశారు. అక్క నా వాక్యం తీసేసి, నాకు విడిగా రాసింది.

"చాన్నాళ్లకు పోయే ఇంటికి ఒట్టి చేతులతో పోతమా తమ్మీ? పైనుంచి కిందిదాక చదువు. వాళ్లు చెప్పింది చేసి చూడు. ఏమైందో పట్టుకొని రా."

పాత చర్చ ఎవరు లేపినా ఆమెది ఇదే మాటట. నాకు మాత్రం ఒళ్లు మండింది. అయినా చదివాను. సాయంత్రం విచ్చిన మగపువ్వును ఆడపువ్వుకు తాకించమని అందులో ఎవరో చెప్పారు గానీ, చేసి చూశామన్నవాళ్లు లేరు. నేను చేశాను. పిందె నిలిచింది. ఫోటో తీసి ఆ చర్చలోనే పెట్టాను. మొదట అడిగిన పెద్దాయన ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు.

"విసుగొచ్చి పాదు పీకేశానండీ. రేపే మళ్లీ గింజ పెడతా!"

ఆ పాత చర్చ చాలా రోజులు కళకళలాడింది. అక్క ఎవర్నీ ఆపలేదు.

లేత కాయ ఒకటి కోసుకుని మొదటిసారి ఆమె ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, నా మొహం కన్నా ముందు నా చేతులు చూసింది.

"సొరకాయ తమ్మివా? దా, లోపటికి రా."