పేరు తెలియని ముఖాల మధ్య వరహాలమ్మగారు

వరహాలమ్మగారు ఇక లేరన్న వార్త ఆదివారం పొద్దున్నే ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. “మేస్టారూ, అక్క పోనాదండి. నిద్దట్లోనే పోనాది” అన్నాడు. ముందురోజు సాయంత్రం గ్రంథాలయానికి తాళం వేస్తూ, “సోమారం బేగి రండి మేస్టారూ, కొత్త ఫొటోలొచ్చాయి” అన్న ఆ కంఠస్వరం ఇంకా చెవిలోనే ఉంది. సోమవారం ఆమె లేకుండానే వచ్చింది.

నర్సీపట్నంలో ప్రాంతీయ చరిత్ర గ్రంథాలయం ఒకటుందని ఊళ్ళోనే చాలామందికి తెలియదు. పాత పత్రికలు, భూముల పటాలు, తాళపత్రాలు, శాసనాల నకళ్ళు అన్నీ అక్కడ ఉన్నాయి. వాటన్నిటికీ ఆమే సంరక్షకురాలు. అయితే ఆమె ప్రాణం మాత్రం వెనక గదిలో ఉండేది. మూతపడిన ఒక ఫొటో స్టూడియో నుంచి గాజు పలకల నెగటివులను ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, ఆ గదిలో భద్రపరిచారు. పెళ్ళికూతుళ్ళు, చెరకు బళ్ళవాళ్ళు, ఏటికొప్పాక బొమ్మల పనివాళ్ళు, కొండల మీంచి దిగివచ్చిన కుటుంబాలు. ఎవరి పేరూ ఎక్కడా లేదు.

“పేరు తెలీని మనిషి ఫొటోలో ఉండిపోతే బెంగెట్టుకుంటాడండి” అనేవారు. అందుకే ప్రింట్లు తీయించి గొలుగొండ వైపు సంతలకు పట్టుకెళ్ళేవారు. రెండు గుంజల మధ్య తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో వాటిని వేలాడదీసి, వచ్చేపోయే ముసలివాళ్ళను ఆపి, “ఈయనెవరో ఎరుగుదువా మామ్మా?” అని అడిగేవారు. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. ఎండలో ఆమె ఓపిక చూస్తే నాకే నీరసం వచ్చేది.

ఒకసారి గ్రంథాలయం హాల్లోనే ప్రదర్శన పెట్టాం. అందులో ఒక యువతి, ఆమె ఒడిలో కళ్ళు మూసుకున్న పసిపిల్ల ఉన్న చిత్రం అందరినీ ఆకర్షించింది. ‘నిద్రపోతున్న పాప’ అని కింద రాశాం. రావికమతం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దాని ముందు ఆగి, తల్లి ముఖం మీద వేలు పెట్టింది. “ఈవిడ మా అమ్మండి” అంది. వరహాలమ్మగారి సంతోషానికి అవధుల్లేవు. “మరైతే ఈ పాప నువ్వేనా?” అని అడిగారు.

“నాను కాదమ్మా, మా అక్క. నానింకా పుట్టనేదు. అది నిద్దరోట్లేదు. పోయినాక ఒళ్ళో ఎట్టుకుని తీయించుకుంది మా అమ్మ. మళ్ళీ ఆ కొట్టుకెళ్ళి ఫొటో తెచ్చుకోడానికి గుండె సాల్లేదంట. సచ్చిపోయేదాకా దీనికోసం ఏడిసింది.”

వరహాలమ్మగారు తన చేతులతోనే ఆ చిత్రాన్ని గోడ మీంచి దించారు.

ఆ గాజు పలక కూడా పెద్దావిడ ఇంటికే ఇచ్చేస్తానని ఆమె అంటే గ్రంథాలయ కమిటీ పెద్ద ఒకాయన ససేమిరా అన్నారు. అది అరుదైన చారిత్రక సంపద అని ఆయన వాదన. నిజానికి నేనూ ఆయన పక్షమే. “అరుదైందని మనం దాసుకుంటే, ఆ తల్లి ఒళ్ళోంచి పిల్లని మళ్ళీ లాక్కున్నట్టు కాదా అండీ?” అన్నారామె. పలకను దూదిలో చుట్టుకుని స్వయంగా బస్సెక్కి వెళ్ళి ఇచ్చివచ్చారు. తర్వాత ఏ పరిశోధకుడు అడిగినా, “అది ఇంటికెళ్ళిపోనాది” అని మాత్రమే చెప్పేవారు.

అప్పటి నుంచి ఆమెలో ఏదో మారింది. సాయంత్రం వెనక గది తలుపు మూసేముందు లోపలి చీకటి వైపు చూసి, “వస్తానర్రా” అనేవారు. ఎవరికి చెబుతున్నారని ఒకనాడు నవ్వుతూ అడిగాను. ఆమె నవ్వలేదు.

“ఇన్నాళ్ళూ నేను వాళ్ళని సూస్తన్నాననుకున్నాను మేస్టారూ. వాళ్ళే నన్ను సూస్తన్నారు.”

వయసు మీద పడిన మాటనుకున్నాను. ఇప్పుడు ఆ గదిలో ఒంటరిగా నిలబడితే, నెగటివుల అల్మరాలకు వీపు తిప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

ఆమెకు నివాళి చెప్పడానికి నా దగ్గర గొప్ప పదాలు లేవు. ఆ ముఖాల పేర్లు చెప్పగలిగినవారు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి అడిగే మనిషి అంతకన్నా ముందే వెళ్ళిపోయింది. ఆ స్థానంలో కూర్చోగలవారు నాకెవరూ కనబడటం లేదు. కర్మకాండలయ్యాక జరిగిన ఒక సంగతి మాత్రం చెబుతాను.

గ్రంథాలయం మళ్ళీ తెరిచిన పొద్దున, ఏజెన్సీ కొండల నుంచి ఒక ముసలాయన వచ్చాడు. “అమ్మగారేరి బాబూ?” అన్నాడు. చెప్పాను. తలగుడ్డ తీసి గుమ్మంలోనే కూర్చున్నాడు. తర్వాత ఒక ఫొటో చూడాలన్నాడు. పోలీస్ స్టేషన్ మెట్ల మీద, చేతులు తాళ్ళతో కట్టి నిలబెట్టిన కొందరు మనుషుల ఫొటో అది.

“ఈ సివరాయన మా అయ్య. అడవిలో కర్ర కొట్టాడని అట్టుకెళ్ళారు. సంతలో అమ్మగారు సూపితే ఎరగనని సెప్పేసినాను, బయమేసి. నా మొకం సూసి ఆవిడ కనిపెట్టేసింది. ఏటీ అన్లేదు. సెప్పాలనిపించినప్పుడు రా అంది.”

పేరు చెప్పమని కలం తీశాను. ఆయన నా వైపు చూడలేదు. లేచి, వరహాలమ్మగారు కూర్చునే ఖాళీ కుర్చీ ముందుకు వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మగారూ, మా అయ్య పేరు సోమన్న” అన్నాడు.

అని ఊరుకోలేదు. తల కాస్త వంచి, జవాబు కోసం ఆగాడు. కలం చేతిలో పట్టుకుని నేనూ ఆగాను.