ముత్తమ్మ వెనక కూర్చోనివాళ్లు

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. ముత్తమ్మ సంగతి చెప్పాలంటే నా సంగతీ చెప్పక తప్పదు.

ముత్తమ్మ బొంబాయి కామాటిపురాలో, వరస గదుల మా చాల్‌లోనే పుట్టింది. వాళ్ల తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో రాళ్లు మోశాడు. ఆమె ఇటుకలు మోసింది. మొగుడు పోయినా, కూలీలు పని కోసం చేరే నాకాలో నిలబడటం మానలేదు. మున్సిపల్ బడిలో నాలుగు తరగతులు చదివింది కాబట్టి మరాఠీ అర్జీలు తనే రాసేది. మా నూట ఇరవై కాపురాలకు నీళ్లకు ఉన్నది ఒక్కటే నల్లా. రెండో నల్లా కోసం ఆమె వార్డు ఆఫీసు మెట్లు ఎక్కినన్నిసార్లు నేను మా ఇంటి మెట్లు కూడా ఎక్కి ఉండను.

ఎనభై ఐదులో మున్సిపాలిటీ ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీవాడు మా గల్లీకి వచ్చి, "మీరంతా కలిసి ఒక్క పేరు చెప్పండి, ఆ మనిషికే టికెట్" అని చెప్పిపోయాడు. ముత్తమ్మ నిలబడతానంది. శంకర్రావు కూడా నిలబడ్డాడు. శంకర్రావు ముకద్దం. పొద్దున నాకాలో నిలబడ్డ మమ్మల్ని వేలు చూపించి పనికి ఏరుకునేది ఆయనే. ఆయన ఇంట్లో సొంత నల్లా ఉంది, మా నల్లాతో ఆయనకేం పని?

మా పెద్దలది పాత పద్ధతి. పోచమ్మ గుడి ముందు జంపఖానా పరిచి ఇద్దరినీ చెరో పక్క కూర్చోబెడతారు. ఎవరి మనుషులు వాళ్ల వెనక పోయి కూర్చోవాలి. తలలు లెక్కపెట్టేలోగా అటువాడిని ఇటు పిలవచ్చు, బతిమాలొచ్చు, చెయ్యి పట్టి లాగొచ్చు. ఆ గంటలో అక్కడ లేనివాడు లేనట్టే.

ముత్తమ్మ దీనికి ససేమిరా అంది. పెద్దమనిషి లస్మయ్యతో మూడు రోజులు కొట్లాడింది.

"మిల్లు పాళీకి పోయినోళ్లు ఎట్లొస్తరు మామా? పొయ్యి మీద ఎసరు పెట్టినామె ఎట్లొస్తది? శంకర్రావు కండ్ల ముంగట నా ఎన్క ఎవడు కూసుంటడు, రేపు వానికి పని ఒద్దా? గుడి అర్రల రెండు కుండలు పెట్టు. తాపీ బొమ్మ ఆయనది, బిందె బొమ్మ నాది. ఇంటికో చింతగింజ. పొద్దుగాల్నించి పొద్దుమీకేదాంక ఎప్పుడొస్తే అప్పుడు ఏసి పోతరు. ఎవ్వరిది ఎవ్వరికీ కానరాదు."

లస్మయ్య తల గోక్కుని సరేనన్నాడు. ఆ రోజు తనే అర్ర తలుపు దగ్గర కూర్చుని ఇంటికో గింజ లెక్కగా చేతిలో పెట్టాడు. పాళీ దిగినవాళ్లు వచ్చారు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు వచ్చారు. నేను లోపలికి పోయి బిందె బొమ్మ కుండలో గింజ వేసి, ఎవరికీ మొహం చూపించకుండా బయటపడ్డాను. ప్రాణం హాయిగా ఉండింది.

సాయంత్రం అందరి ముందూ కుండలు బోర్లించారు. ముత్తమ్మకు అరవై నాలుగు. శంకర్రావుకు నలభై ఒకటి.

శంకర్రావు నవ్వాడు. "గింజలకు నోరుంటదా లస్మయ్యా? ఎవరు పిడికెడు ఏసిండ్రో ఎవనికెర్క? ఆమె దిక్కు అరవై నాలుగు ఇండ్లుంటే వచ్చి ఆమె ఎన్క కూసోమను. నేనిప్పుడే ఒప్పుకుంట."

గింజలు పంచింది నువ్వే కదా ముసలోడా, చెప్పు! అని అరవాలనిపించింది. అరవలేదు. లస్మయ్య నేల చూపులు చూసి, "సరే, ఒక్కపారి కూసోండ్రి, పేచీ తెగుతది" అన్నాడు. జంపఖానా పరిచారు.

ముత్తమ్మ వెనక తొమ్మిది మంది కూర్చున్నారు. బాలమ్మ, పనికి పోవడం మానేసిన ముసలి మొగులయ్య, ఇంకొందరు. ముందు రోజు ఆమె ఇంట్లో చాయ్ తాగి "అక్కా, నువ్వే మా నల్లా" అన్నవాళ్లు తలలు వంచుకుని శంకర్రావు వెనక్కి నడిచారు. అరవై నాలుగు గింజలు కళ్ల ముందే ఉన్నాయి, వేసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం!

ముత్తమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. నా వైపు మాత్రం ఒక్కసారి చూసింది. నేను గుడి గోడకు అతుక్కుపోయి ఉన్నాను.

"యాదయ్యా, ఆడ నిలబడ్డవేందిరా? రా, ఈడ జాగ ఉన్నది" అన్నాడు శంకర్రావు, తన వెనక నేల మీద అరచేత్తో తట్టి.

పోయాను. పోయి కూర్చున్నాను. థూ, నా బతుకు చెడ! లస్మయ్య తలలు లెక్కపెట్టి శంకర్రావు పేరు చెప్పాడు. ముత్తమ్మ లేచి, తన కుండ చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున నాకాలో శంకర్రావు వేలు మొదట నా వైపే చూపించాడు. ముత్తమ్మ నా పక్కనే గంప పట్టుకుని నిలబడి ఉంది. ఆ వేలు ఆమెను దాటిపోయింది. మళ్లీ వెనక్కి రాలేదు.

నేను ఆమె వైపు తిరిగాను. "అక్కా..." అన్నాను.

"గింజ నాకే ఏసినవ్, నాకెర్కే" అంది ముత్తమ్మ. "పో తమ్మీ, లారీ పోతది."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. శంకర్రావు ముందు, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను లారీ ఎక్కి వెనక కూర్చున్నాను.