శివయ్య దీపం తీగకు వైర్‌లెస్ సెట్టు

రండప్పా, ఇంకొంచెం దగ్గరికి జరగండి. టీ తాగుతానే వినండి. మొన్న శివరాత్రి నడకలో నా కారులో పొగ ఎందుకొచ్చిందో ఊర్లో తలా ఒక కత చెప్తాండారు. పొగ నాది, కత కూడా నేనే చెప్తా!

ప్రతేడూ మా వీధి జనం శ్రీశైలానికి నడిచిపోతారు. చిత్రాన్నం గిన్నెలు, నీళ్ల క్యాన్లు కారులో ఏసుకొని పోయేది నా సేవ. నల్లమలలో సెల్లు పలకదు. అందుకని వైర్‌లెస్ లైసెన్సు ఉన్న మా బావమరిది రమణ ఒక సెట్టు నడిచేవాళ్లతో పోతా తన చేతిలో పెట్టుకొని, ఇంకోటి నా కారుకిచ్చినాడు.

"బావా, మాట్లాడేటప్పుడు ఇది శానా కరెంటు గుంజుతాది. ఈ దొడ్డు వైరు బ్యాటరీ నుంచి నేరుగా లాగు. ఫ్యూజు దీంట్లోనే ఉండాది. వైరు లోపలికి రావాలంటే కారు రేకుకు చిన్న బొక్క కొట్టాల, అంతే."

బొక్కా! పూజ చేయించిన కొత్త కారుకా? ఆ వైరు డిక్కీలో పడేసినా. డ్యాష్‌బోర్డు మీద శివయ్య పటానికి చిన్న దీపం ఎలుగుతాంటాది చూడండి, దాని తీగకే సెట్టు కలిపేసినా. దేవుని కరెంటుకు తక్కువేముంటాది?

మిట్టమధ్యాహ్నం. దారి రెండుగా చీలే చోట ఆపినా. మనోళ్లు మండపం దారిన పోయినారా, వాగు పారే వంక దారిన పోయినారా? తప్పు దారిలో దూరితే కారు తిప్పుకునే జాగా లేదు. అంతమందీ ఎండలో పస్తే! బటన్ నొక్కి "రమణా, యాడుండారు?" అన్నా. సెట్టు గుర్రుమనె. దీపం ఆరిపాయ. బటన్ వదిలితే మళ్లా ఎలిగె.

పక్క సీట్లో నాకు పిల్లనిచ్చిన మా అత్త. "ఏమప్పా, నువ్వు నోరు తెరిస్తే స్వామి కండ్లు మూస్తాండాడే!"

నాకు రోషమొచ్చె. బటన్ గట్టిగా నొక్కిపట్టినా. పటం ఎనక నుంచి సన్నగా పొగ! అత్త రెండు చేతులూ ఎత్తింది.

"ఎవరూ ఎయ్యకుండానే ధూపం! హరహర మహాదేవా!"

"ధూపం కాదత్తా, వైరు!"

టవలుతో తీగ పీకిపారేసినా. వేలు కాలె. డిక్కీలోని దొడ్డు వైరు తెచ్చి, బ్యాటరీకి బిగించి, బానెట్ సందులోంచి బయటికి, కిటికీలోంచి లోపలికి లాగి సెట్టుకు కలిపినా. మరి అది టైరు కింద పడకుండా ఎవరు పట్టుకోవాల? అత్తే!

"రమణా, యాడుండారు?"

"వంక కాడ! తొందరగా రా బావా, నాలికలు పీక్కపోతాండాయి!"

రాళ్ల దారి. అత్త చెయ్యి కిటికీ బయట, నోరు మాత్రం నా మీద. వంక కాడ ఒకామె ఆ వైరును దేవుని తీగనుకొని తాకి కండ్లకద్దుకునె! రమణ కడుపు పట్టుకొని నవ్వె.

ఇప్పటికీ నవ్వుతాండాడు. నవ్వనీ! అన్నం చేరిందా, లేదా? బొక్క మాత్రం కొట్టనంటే కొట్టను. వచ్చేయేడు కూడా కిటికీలోంచే!

మీరు ఒక్కటి గుర్తుపెట్టుకోండప్పా. ఆ ఎండలో, ఆ కుదుపుల్లో మా అత్త వైరు వదల్లేదు. ఇది పదిమందికి చెప్పండి. అల్లుని తెలివి గురించి ఎవరన్నా అడిగితే నా కాడికే పంపండి. ఆ కత నా అంత బాగా ఎవరూ చెప్పలేరు!